ఊరికి ఒక్క ఓటు

ఏప్రిల్ 19, ఆదివారం

ఈ పుస్తకం తునికాకు కల్లంలో మున్షీ ఇచ్చాడు. ఆకు తెచ్చినవాళ్ళ పేర్లు రాయమన్నాడు. నేను వేరే సంగతులు రాస్తాను. మా ఇంటిది సుక్కికి చదవడం రాదు. మా ఊరు సరిహద్దుకు ఇవతల, పిల్లలంతా హిందీ బడి. తెలుగు అక్షరం చదివేది ఇద్దరో ముగ్గురో. అందుకే ధైర్యం.

నా అక్షరాలు హైదరాబాద్‌లో నేర్చినవి. నల్లగొండ మేస్త్రీ ఒకడు పచ్చి గోడ మీద మేకుతో గీసి నేర్పాడు. ఇప్పటికీ గోడ మీద గీసినట్టే ఉంటాయి, పెద్దవి, వంకరవి. చదివేది నేనే కాబట్టి చాలు.

సంగతి ఇది. ఇవాళ మనవరాలు పొజ్జే ఫోన్ చేసింది. నాకు కాదు, సుక్కికి. ఆదివారం ఆదివారం సుక్కి రోడ్డు మీది ప్రకాష్ దుకాణం దాకా నడిచి పోతుంది. అక్కడ పోలీసు క్యాంపు పక్కన టవరు ఉంది. అక్కడ తప్ప ఫోన్ పలకదు. తిరిగొచ్చి పొయ్యి రాజేసి, కుండతో మాట్లాడినట్టు అంది.

"జట్టు తీసేస్తరంట."

"ఏ జట్టు?"

"ఎన్ని జట్లున్నయి మనకు?"

 పొగకు దగ్గుతూ తనే చెప్పింది. పట్నంలో ఓటు పెట్టారట. ఓడితే మన మనవరాలు ఆడే కబడ్డీ జట్టు ఉండదట. జట్టు లేకపోతే మోకాలి ఆపరేషన్ కూడా ఉండదట.

"మోకాలికి ఏమైంది?" అన్నాను.

"అడుగుతవా ఇప్పుడు?" అంది సుక్కి.

ఏప్రిల్ 20

నేను ఆ పిల్లతో మాట్లాడను. అది మారదు.

ఏప్రిల్ 22, బుధవారం

ఉప్పు అయిపోయింది. ప్రకాష్ దుకాణానికి వెళ్ళాను. ప్రకాష్ చెర్ల వైపు మనిషి. రోడ్డు పడ్డాక వచ్చి దుకాణం పెట్టాడు. టీవీ ఉంది, ఫోన్లకు ఛార్జింగు ఉంది. నాకు ఏదీ అడగడం ఇష్టం ఉండదు, అతనికి చెప్పకుండా ఉండడం చేతకాదు.

పట్నం టీవీ వాళ్ళు ఒక ప్రశ్న పెట్టారు. హైదరాబాద్‌ను నిజంగా నిలబెట్టే జట్టు ఏది? క్రికెట్ ఒకటి, మగపిల్లల వాలీబాల్ ఒకటి, ఆడపిల్లల కబడ్డీ ఒకటి. పొజ్జే వాళ్ళది గోల్కొండ రాణులు. ఓటు ఫోన్‌లో వేయాలి. గెలిచిన రెండు జట్లను ఒక పెద్ద కంపెనీ తీసుకుంటుంది, ఆడుకోవడానికి హాలు కట్టిస్తుంది. రాణుల జట్టును నడిపే మనిషి, మూడో జాగా వస్తే ఇక నడపలేనని ముందే చెప్పేశాడు.

"క్రికెట్ ఎట్లాగూ ముందుంటది పెద్దాయనా. రెండో జాగా కోసమే కొట్లాట," అన్నాడు ప్రకాష్. "మీ పోరి జట్టు, వాలీబాలోళ్ళు, ముక్కు ముక్కు రాసుకుంటున్నరు."

మే పదకొండు సాయంత్రం ఆరు గంటల దాకా గడువు.

మోకాలు సంగతి కూడా చెప్పాడు. మార్చిలో ఆటలో మెలి తిరిగిందట. కట్టు కట్టుకుని ఇంకా ఆడుతోంది. టీవీలో చూపించబోయాడు. నాకు పని ఉందని వచ్చేశాను. ఉప్పు మరిచిపోయి వచ్చాను.

ఏప్రిల్ 23

నేనెందుకు మాట్లాడనో రాసిపెట్టుకోవాలి. లేకపోతే సుక్కి గొణుగుడులో మరిచిపోతాను.

పోయినేడు జాతరకు పొజ్జే రాలేదు. ఆట ఉందంది. దేవరను ఊరేగించేటప్పుడు మా ఇంటి తరఫున మనిషి తక్కువ. అదే వారం ప్రకాష్ టీవీలో కనబడింది. ఎవరో మైకు పెడితే నవ్వుతూ "నేను హైదరాబాద్ అమ్మాయిని" అంది. చొక్కా మీద కూడా పట్నం పేరే. దుకాణం ముందు పదిమంది ఉన్నారు. పదిమందీ నా ముఖం చూశారు.

జాతరలో అందరి ముందూ చెప్పాను. ఒక మనిషి రెండూళ్ళ దేవర మొయ్యకూడదని. ఊరి పెద్దను నేను. నా మనవరాలైతే ఏంటి?

మేకపిల్ల మడమ ఎట్లా పట్టుకోవాలో దానికి నేర్పింది నేను. ఇప్పుడు పట్నంలో మనుషుల మడమలు పట్టుకుంటోంది. చప్పట్లు కొడుతున్నారు. నేర్పింది ఎవరో మైకు పట్టినవాడు అడగలేదు, అది చెప్పలేదు.

ఏప్రిల్ 25

పంచాయితీ పిలిచాను. పొజ్జే కోసం కాదు. బయటివాళ్ళు ఒక ప్రశ్న అడిగారు, ఊరు జవాబు చెప్పాలి. అంతే.

ఏప్రిల్ 26, ఆదివారం

పొద్దున ఆకు కోసి వచ్చి, అన్నాలు తిని, ఇప్పచెట్ల కింద కూర్చున్నారు. ఊళ్ళో రెండు వాడలూ, పై గుంపు, కింది గుంపు, అందరూ. నవ్వారు మొదట. పట్నం జట్టు ఏదో మనం చెప్పాలా అని. ఎవరు అడిగినా ఊరు ఊరుగానే జవాబు చెప్పాలి కదా అన్నాను. నవ్వు ఆగింది.

ఎందుకంటే అందరికీ జ్ఞాపకమే. కాగితాలు పట్టుకొని ఎవరో వచ్చి ఇంటింటికీ విడివిడిగా తిరిగి, దోమతెరలు ఇస్తామని వేలిముద్రలు వేయించుకుపోయారు. ఊరి వెనక గుట్ట తవ్వుకోండని మేమంతా ఒప్పుకున్నట్టు ఆ కాగితం చెబుతోందని తర్వాత తెలిసింది. దాన్ని ఆపించడానికి మూడేళ్ళు తిరిగాం. అప్పుడే దేవర ముందు ప్రమాణం చేశాం. బయటివాడు ఏది అడిగినా ఒక్కడు విడిగా జవాబు చెప్పకూడదు. ఊరు కూర్చుంటుంది, ఊరంతటికీ ఒకటే మాట. తప్పినవాడు తప్పు కట్టాలి. ఆ ప్రమాణం చేయించింది నేను.

మొదటి రోజు ఏమీ తేలలేదు. వాలీబాల్ అంటే ఏందో సగం మందికి తెలియదు. క్యాంపు పోలీసులు ఆడేది అదేనని బిందు చెప్పింది. బిందు మా వార్డు మెంబరు, నోరున్న మనిషి. "అయితే అది వద్దు" అని ముసలాళ్ళు అన్నారు. ఒక జట్టు అట్లా పోయింది.

ఏప్రిల్ 27

ఆయతు లేచాడు. కింది గుంపు ఆయతు మాటే వింటుంది. నాకు బావ వరస. గొడవలకు ఊళ్ళు ఖాళీ అయిన ఏళ్ళలో ఇద్దరం కలిసే పట్నం పోయి స్లాబు పనులు చేశాం. అతని రెండు వేళ్ళు అక్కడే సిమెంటు కలిపే మిల్లర్‌లో పోయాయి.

"బావా, వాళ్ళు అడిగిందేంది?" అన్నాడు. "పట్నం జట్టు ఏది అని. మన పోరి జట్టు ఏది అని గాదు. అడిగినదానికి జవాబు చెప్పాలె. పట్నంల ఏ గల్లీల పోయినా పిల్లలు బ్యాటే పట్టుకొని ఉండె. నువ్వు చూసినవ్, నేను చూసిన. క్రికెట్ అని చెప్పు. నిజం గదా."

"క్రికెటోళ్ళు రెండు నెలలు వచ్చి హోటల్ల పండి పోతరు," అన్నాను.

"కబడ్డీ పోరీలు మాత్రం పట్నంల పుట్టినారా?"

 రేపు కూర్చుందాం అన్నాను. ఎండ ఎక్కువగా ఉందని చెప్పాను. ఎండ లేదు. మబ్బు పట్టి ఉంది.

ఏప్రిల్ 28

ఇవాళ తేలింది.

నేను లేచి ఆయతును అడిగాను. "బావా, మన కూలి అడ్డా మీద ఎవరెవరు ఉండె?"

"పాలమూరోళ్ళు, ఒడియావోళ్ళు, బీహారోళ్ళు. మనం."

"పట్నంల పుట్టినోడు ఒక్కడన్న ఉండెనా?"

"బీడీలమ్మే ముసలామె ఉండె. మనకు అరువు ఇయ్యకపోయేది."

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు.

"ఆమె తప్ప ఎవరున్నరు? ఆ మేడలన్నీ ఎవరు లేపిన్రు? నీ వేళ్ళు యాడున్నయి ఇప్పుడు? ఏ గోడల ఉన్నయి? పట్నం అంటే బయట నుంచి వచ్చి ఒళ్ళు విరిచిపెట్టినోళ్ళే. ఆ కబడ్డీ పోరీలు గట్లనే వచ్చిన్రు. ఏడాదంతా హాస్టల్ల పడి ఉంటరు, మనం రేకుల షెడ్ల ఉన్నట్టు. మోకాళ్ళు అక్కడ పారేసుకుంటున్నరు. అడిగినదానికే జవాబు చెప్తున్న. పట్నం జట్టు అదే."

 ఆయతు తన చెయ్యి చూసుకున్నాడు. తర్వాత అన్నాడు.

"మాట బాగుంది. అయితే ఒకటి చెప్పు బావా. పొజ్జే పట్నం మనిషేనా?"

"ఏంది?"

"పట్నం మనిషి కాకపోతే ఆ జట్టు పట్నానిది ఎట్ల అయితది? పట్నం మనిషైతే మన మనిషి ఎట్ల అయితది? ఒక మనిషి రెండూళ్ళ దేవర మొయ్యగూడదని పోయినేడు జాతరల నువ్వే అన్నవ్. రెండూ కుదరవు. ఏదో ఒకటి చెప్పు, నేను ఒప్పుకుంట."

సుక్కి ఆడవాళ్ళలో కూర్చుని ఉంది. అటు చూడలేదు.

"పట్నానిదే," అన్నాను.

"విన్నం మావా," అంది బిందు.

ఆయతు ఒప్పుకున్నాడు. కింది గుంపు ఒప్పుకుంది. ఊరంతా ఒక్క మాట మీదికి వచ్చింది. నేను గెలిచాను.

ఏప్రిల్ 29

సుక్కి గంజి పోసి అటు తిరిగి కూర్చుంది. ఉప్పు లేదు.

ఏప్రిల్ 30, గురువారం

ఓటు వేశాను. తలపాగా కట్టుకొని వెళ్ళాను. ఊరి మాట తీసుకుపోతున్నాను కదా. ప్రకాష్ దుకాణంలో ఆకు లారీవాళ్ళు నలుగురైదుగురు అరుస్తున్నారు. సుక్కి ఫోన్ ఇచ్చాను. ప్రకాష్ ఏవో నొక్కి, "ఏ జట్టు?" అన్నాడు. "గోల్కొండ రాణులు," అని గట్టిగా చెప్పాను, లారీవాళ్ళు కూడా వినాలని. ఒత్తాడు. పచ్చ గుర్తు పడింది.

"అయిపోయింది పెద్దాయనా," అన్నాడు.

రెండువందల ముప్పై మంది మాట అది. ఆ చిన్న పచ్చ గుర్తులో పట్టింది.

ఈసారి ఉప్పు తెచ్చాను.

మే 3

ప్రకాష్ దుకాణంలో ఆట వస్తుంటే నేను చూడలేదు. బీడీ వెలిగించుకోవడానికి నిలబడ్డాను. పొజ్జే కుడి మూలన ఉంటుంది. ఎడమ మోకాలికి నల్ల కట్టు. అవతలి పిల్ల గీత దాటి వచ్చి ఎగిరితే ఒంటి కాలి మీద వంగి మడమ అందుకుంది. వదల్లేదు. ఇద్దరూ పడ్డారు. లేచేటప్పుడు పొజ్జే నేల మీద అరచెయ్యి ఆనించి లేచింది. అట్లా లేచేది సుక్కి, ఈ వయసులో.

బీడీ ఆరిపోయింది. మళ్ళీ వెలిగించుకోవాల్సి వచ్చింది.

మే 9, శనివారం

ప్రకాష్ ఇవాళ అడిగాడు. "ఏంది పెద్దాయనా, నువ్వు తప్ప మీ ఊరోళ్ళు ఒక్కరూ రాలేదు? మీ పోరికి ఓటెయ్యరా?"

"వేసినం గదా. ఊరంతా వేసింది."

"ఒక్క ఫోనే గదా వచ్చింది."

"ఊరికి ఒక్కటే."

అతను నా ముఖం చూశాడు. నేను ఎగతాళి చేస్తున్నానేమో అనుకున్నాడు. తర్వాత చెప్పాడు. ఊరికి ఒకటి కాదట. ఫోన్‌కు ఒకటట. ఎన్ని ఫోన్లు ఉంటే అన్ని. పై గుంపులో ముప్పై దాకా ఉన్నాయి. కింది గుంపులో ఇరవై. ఇప్పుడు రాణులు వాలీబాలోళ్ళకు కొంచెం వెనకున్నారట.

"ఎల్లుండి సాయంత్రం దాకా టైముంది," అన్నాడు. "తోలుకొనిరా అందరినీ."

సరే అన్నాను.

దారంతా ఆలోచించాను. ఇప్పుడు వెళ్ళి చెబితే ఏమవుతుంది? విడివిడిగా వేయండి అని చెప్పాలి. విడిగా జవాబు చెప్పకూడదని దేవర ముందు ప్రమాణం చేయించిన నోటితోనే చెప్పాలి. రేపు ఇంకెవడో గుట్ట కోసం కాగితం పట్టుకొస్తే, ఫోన్ ఓటుకు ఒక న్యాయం, దీనికి ఒక న్యాయమా అంటారు. కట్టుబాటు అంటే ఒకసారి సడలితే పోయినట్టే.

అదీ కారణం. మూడు రోజులు ఊరిని కూర్చోబెట్టి తెలియని సంగతి చెప్పానని నవ్వుతారని కాదు.

మే 10

చెప్పలేదు. ఆదివారం కదా, అందరూ సంతకు వెళ్ళారు.

అందరూ వెళ్ళలేదు.

మే 11, సోమవారం

పొద్దున బిందు ఎదురుపడింది. "ఏం మావా, మన జట్టు గెలుస్తదా?" అంది. ఊరు మాట చెప్పింది కదా, గెలుస్తుంది అన్నాను.

మధ్యాహ్నం పై గుంపు మొత్తం కల్లంలోనే ఉంది, ఆకు ఎండబెడుతూ. ముప్పై ఫోన్లు. గంటన్నర నడిస్తే టవరు. నేను గట్టు మీద కూర్చుని పొద్దు చూస్తూ ఉన్నాను. ఇప్పుడు బయలుదేరితే అందుతారు. ఇప్పుడు బయలుదేరినా అందుతారు. ఇప్పుడు పరుగెత్తాలి.

ఇప్పుడు పరుగెత్తినా అందలేరు.

మే 12

వాలీబాల్ రెండో జాగా. కబడ్డీ మూడు. ఇరవై రెండు ఓట్లు తేడా.

మే 13

ఇరవై రెండు.

మే 14, గురువారం

ఆయతు పంచాయితీ పిలవమన్నాడు. ఎందుకని అడిగితే "అక్కడ చెప్త" అన్నాడు.

చెప్పాడు. ఆదివారం ప్రకాష్ దుకాణంలో పొగాకు కొంటుంటే ఫోన్ ఓటు సంగతి తెలిసిందట. సోమవారం కింది గుంపు పంతొమ్మిది మందిని తీసుకుపోయి వేయించాడట. అందరి చేతా కబడ్డీకే.

"ఊరు ఒప్పుకున్న మాటకే వేసినం. కాని విడిగా వేసినం. ప్రమాణం తప్పిన. వాళ్ళందరి తప్పు నాది, నేనే కడత," అని తలపాగా తీసి నేల మీద పెట్టాడు.

"నీకు క్రికెట్ గదా?" అని ఎవరో అడిగారు.

"నాకు క్రికెటే. కాని ఆ పోరి నా వాకిట్ల నడక నేర్చింది. ఆ మోకాలు గుర్తుకొస్తే కూసోబుద్ధి కాలే."

"మాకెందుకు చెప్పలే? పై గుంపు కూడా పోకపోయేదా?"

"చెబితే ఊరంతా ప్రమాణం తప్పినట్టయితది. ఒక్క గుంపుతో పోనీ అనుకున్న. ఇరవై రెండే తక్కువ పడతయని నాకేమెరుక?"

బిందు లేచింది. ఆమె నన్నే చూస్తోంది.

"మావా, నువ్వు వారంవారం ఆ దుకాణానికి పోతవు. ప్రకాష్ నీకు చెప్పలేదా?"

"లేదు," అన్నాను.

ఆయతు కట్టాల్సిన తప్పు ఏంటో వచ్చే పంచాయితీలో చెబుతానని అందరినీ పంపేశాను. తప్పు చెప్పవలసింది పెద్ద కదా. నేనే కదా.

మే 15

ప్రకాష్ పంచాయితీకి రాడు. ఊరివాడు కాదు.

మే 18, సోమవారం

పొజ్జే వచ్చింది.

పామేడు వైపు జీపులో వచ్చి రోడ్డు మీద దిగి నడిచింది. గంటన్నర దారి మూడు గంటలు పట్టిందట. సంచి ఆయతు మనుషులు ఎవరో మోసుకొచ్చారు. పట్నం చొక్కానే వేసుకుంది. వేరేవి ఉతకలేదంది. జట్టును మూసేశారు. హాస్టల్ తాళం వేశారు. ఆపరేషన్ సంగతి అడిగితే, ఫోన్ చేస్తామన్నారట.

సుక్కి మోకాలికి ఇప్పనూనె రాస్తుంటే నేను గడపలో కూర్చుని గొడ్డలి పిడి చెక్కుతున్నాను. చాలాసేపు చెక్కాను. పిడి సన్నబడిపోయింది.

"తాతా," అంది. ఏడాది తర్వాత. "ఓటేసినరా మీరు?"

"వేసినం. ఊరంతా వేసింది."

"ఎన్ని?"

"ఒకటి."

నా వైపు చూసింది. తర్వాత నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. "ఊరికి ఒకటా? మూడు దినాలు కూసొని ఒకటా? ఆయతు తాత కూడ ఒప్పుకున్నడా?"

"ఒప్పుకున్నడు."

"ఆయతు తాతనే ఒప్పించినవంటే నువ్వు చానా మాట్లాడి ఉంటవు. ఏమని చెప్పినవ్?"

నేను చెప్పలేదు. సుక్కి కూడా చెప్పలేదు. నూనె రాస్తూనే ఉంది.

"పోనియ్ తాతా," అంది పొజ్జే. "మీకు తెల్వదు గదా."

మే 19

మీకు తెల్వదు గదా.

మే 21

ఆయతు ఎదురుపడ్డాడు. తలపాగా లేదు. తప్పు తేలేదాకా కట్టుకోడట. "నా తప్పు ఏం పెడతవు బావా? త్వరగ చెప్పు, ఎండకు తల మాడుతున్నది," అన్నాడు.

ఏడాది మాట తీసేయడం. అదీ ఈ తప్పుకు ఉన్న శిక్ష. ఊరు కూడినచోట ఏడాది దాకా నోరు విప్పకూడదు. నేనే పెట్టిన రివాజు.

మే 22

పొద్దున పొజ్జే వాకిట్లో పొయ్యి బూడిదతో గీత గీసి, ఒంటి కాలి మీద వంగి లేవడం చేస్తోంది. పదిసార్లు. ఆరోసారికి పడింది. నేను చూశానేమో అని ఇటు తిరిగింది. నేను చూడనట్టు ఉన్నాను. ఆ పని నాకు బాగా వచ్చు.

ఎవరో చెన్నై జట్టువాళ్ళు అడిగారట, మోకాలు బాగైతే రమ్మని. నాతో అనలేదు, సుక్కితో అంది.

మే 24, ఆదివారం

పంచాయితీ. ఆయతు తలపాగా లేని తలతో మధ్యలో కూర్చున్నాడు. పొజ్జే కూడా వచ్చింది, ఆడవాళ్ళ వెనక చెట్టుకు ఆనుకుని నిలబడింది.

నేను లేచాను. "ఆయతు ప్రమాణం తప్పిండు," అన్నాను. అక్కడ ఆగి దగ్గాను.  బిందు నీళ్ళ చెంబు ఇవ్వబోయింది. వద్దన్నాను.

"ప్రకాష్ నాకు శనివారమే చెప్పిండు," అన్నాను. "ఆయతు కంటే ఒక దినం ముందు. గడువు రెండు దినాలు ఉండె. ముప్పై ఫోన్లు ఉండె. నేను చెప్పలే. మొన్న బిందు అడిగితే లేదన్న. అది అబద్ధం."

ఆయతు తల ఎత్తి నన్ను చూశాడు. 

"ఎందుకు?" అని అడిగింది బిందు కాదు. చెట్టు దగ్గర నుంచి పొజ్జే అడిగింది.

కట్టుబాటు కోసం అని చెబుదామనుకున్నాను. ఆ మాట సిద్ధంగానే ఉంది, రెండు వారాల కిందే ఇక్కడ రాసుకున్నాను. "నవ్వుతరని," అన్నాను.

పొజ్జే వెళ్ళిపోయింది. కుంటుకుంటూ వెళ్ళడం అందరూ చూశారు.

ఆయతుకు ఒక కోడి, ఒక కుండ కల్లు తప్పు వేశారు. నాకు ఏడాది మాట తీసేశారు. తెలిసి దాచిన తప్పే పెద్దది అన్నారు. ఎవరూ నా తరఫున లేవలేదు. లేస్తే నేనే కూర్చోబెట్టేవాణ్ణి.

ఆయతు తలపాగా కట్టుకున్నాడు.

మే 26

ఇంట్లో మాట్లాడవచ్చు. ఇంట్లో వాళ్ళిద్దరూ మాట్లాడడం లేదు.

మే 31, ఆదివారం

విత్తనాల పండుగ. అందరూ దేవర దగ్గర కూడారు. ఇంటికొక మనిషి ముందుకు వచ్చి చేతులు చాస్తే పూజారి మోదుగాకు పొట్లం విప్పి విత్తనం పెడతాడు. అది చేనులో మొదట పడాలి. ఊరివాళ్ళకు తప్ప పెట్టరు. నా కొడుకు మంగల్, కోడలు ఏరు దాటి కూలికి పోయి ఇంకా రాలేదు. సుక్కికి నడుము లేవడం లేదు. మా ఇంటి తరఫున పొజ్జే వెళ్ళి నిలబడింది. నన్ను అడగలేదు.

పూజారి పొట్లం విప్పాడు. బిందు "ఆగు" అంది.

"నాకు పిల్ల మీద కోపం లేదు," అంది. "కాని మొన్న ఊరంతటి ముందర మావ నోటితోనే చెప్పిండు, పిల్ల పట్నానిది అని. ఆ మాట మీదనే ఊరు ఓటేసింది. ఇప్పుడు విత్తనం ఎట్ల పెడతరు? ఒక్కటే చెప్పండ్రి. ఎట్ల?"

పొజ్జేకు ఆ మాట అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. నా వైపు తిరిగింది. చాచిన చేతులు అట్లాగే ఉన్నాయి.

అందరూ నా వైపే చూశారు. నేను పళ్ళు బిగపట్టుకొని నిలబడ్డాను. ఊరు కూడినచోట నాకు నోరు లేదు. ఇంకో ఏడాది దాకా లేదు.

ఆయతు మెల్లగా లేచాడు. మోకాళ్ళు పట్టుకొని, ఒక్కొక్కటే.

"పట్నానిది అన్నది ఎవరు?" అన్నాడు.

"మావ."

"ఊరు అన్నదా?"

"ఊరు జట్టునే పట్నానిది అన్నది. పిల్ల సంగతి మావ అన్నడు."

"అయితే బావనే అడుగుదాం." నా ముందుకు వచ్చి నిలబడ్డాడు. మూడు వేళ్ళ చెయ్యి నా భుజం మీద వేశాడు. "బావా, పిల్ల పట్నానిదా, మనదా? గట్టిగ చెప్పు, అందరికి వినబడాలె."

నేను నోరు విప్పలేదు.

"ఇంకోసారి అడుగుతున్న. పట్నానిదేనా?"

ఎవరో ముందుగా నవ్వారు. తర్వాత ఆడవాళ్ళు నవ్వారు. బిందు నవ్వు ఆపుకోవడానికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"చూసిన్రా. ఆ మాట చెప్పే మనిషి లేడు," అన్నాడు ఆయతు. "పెట్టు పూజారీ. పిల్ల చేతులు గుంజుతున్నయి."

బిందు పక్కకు జరిగింది. పూజారి పెట్టాడు. అరచేతుల్లో పట్టక పొజ్జే చొక్కా అంచు పట్టి ఒడి చేసింది. అదే చొక్కా. మీద పట్నం పేరు, కింద ఒడిలో ఊరి విత్తనం. రెండూ మోసుకుంటూ కుంటుకుంటూ నా ముందు నుంచే చేను వైపు నడిచింది. గట్టు దగ్గర ఆగి, వెనక్కి చూడకుండా ఒక చెయ్యి చాచింది. వెళ్ళి భుజం ఇచ్చాను. పట్టుకొని గట్టు ఎక్కింది.

రెండూ మొయ్యకూడదని నేను అనలేదు. కూడిన ఊరు ఇంకా లేవలేదు.